ఆ కొయ్యమొహం ఎవరిది?

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ఆఫ్రికా మాస్కుల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి నెల్లూరు దర్గామిట్టలో ఉంటున్న ఒక రిటైర్డ్ లెక్కల టీచరుగారు జవాబులిస్తున్నారు. ఆవిడ 1979 నుంచి 1988 దాకా జాంబియా దేశంలో, జాంబెజీ అనే చిన్న పట్నంలోని సెకండరీ స్కూల్లో పనిచేశారు.

ప్రశ్న: మావారు గ్రానైట్ పని మీద మొజాంబిక్ వెళ్లి రెండేళ్లుండి వచ్చారు. వస్తూ వస్తూ రెండు కొయ్య మాస్కులు తెచ్చి హాల్లో తగిలించారు. మా అత్తయ్య అవి దయ్యం మొహాలనీ, ఇంటికి అరిష్టమనీ ఒకటే పోరు. పక్కింటివాళ్లు చేతబడి సామాను అంటున్నారు. నిజంగా ఇంట్లో ఉంచుకోకూడదా టీచరుగారూ?
— ఒక గృహిణి, ఒంగోలు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తయ్యగారి మాటను మూఢనమ్మకమని తీసేయకండి. ఆ మొహంలో ఏదో ఉందని ఆమెకు అనిపించింది. చెక్కినవాళ్లకూ అలాగే అనిపిస్తుంది. కాకపోతే వాళ్లకది దయ్యం కాదు. చాలా చోట్ల అది తిరిగొచ్చిన తాత, లేదా ఊరిని కాచే దేవత, లేదా పిల్లలకు బుద్ధి చెప్పే పెద్ద.

ఆమెకు రెండు సంగతులు చెప్పండి. మాలీ దేశంలో బమానా అనే రైతుల జాతి ఉంది. జింక ఆకారంలో చెక్కిన కొయ్యను అల్లిక టోపీకి కట్టుకుని, ఆడజింకా మగజింకా జంటగా పొలంలో ఆడతారు. దాని పేరు చి వరా. 'చి' అంటే సేద్యం, 'వరా' అంటే మృగం. మనిషికి దున్నడం నేర్పింది ఆ మృగమేనని వాళ్ల నమ్మకం. మన ఏరువాక నాడు ఎద్దుల కొమ్ములకు రంగులేసి పసుపు కుంకుమ పెట్టడం మీ అత్తయ్యగారికి తెలిసే ఉంటుంది, వెంటనే అర్థమవుతుంది. ఇంకొకటి, సియెర్రా లియోన్‌లో మెండే ఆడవాళ్లకు సందే అనే సంఘం ఉంది. ఆడపిల్లలు పెద్దవాళ్లయ్యే వేడుకలో ఆడవాళ్లే నల్లగా మెరిసే కొయ్యమొహం తలకు పెట్టుకుని ఆడతారు. ఆఫ్రికాలో మాస్కు కట్టేది దాదాపు అంతా మగవాళ్లే, ఆడవాళ్లు కట్టే చోట్లు బహు తక్కువ. ఆ మొహానికి మెడ మీద మడతలుంటాయి. నిండుగా తిని, ఒళ్లు చేసి, కళకళలాడే ఆడదానికి గుర్తు. ఇందులో అరిష్టం ఎక్కడుంది?

ఇక మీ ఇంట్లోవాటి సంగతి. మొజాంబిక్ ఉత్తరాన మకొండే వాళ్లు మపికో అనే మాస్కు చేస్తారు. అది గోడకు బల్లపరుపుగా ఆనదు, తల మొత్తం దూరేలా బోలుగా ఉంటుంది. ఆటగాడు దాన్ని వెనక్కి వంచి పెట్టుకుని దాని నోటి కంతలోంచి బయటికి చూస్తాడు. కొన్నిటికి నిజం వెంట్రుకలు అతికిస్తారు. మీవి అలా లేకుండా, వెనక చదునుగా, తగిలించడానికి ముందే మేకు కన్నంతో ఉంటే అవి మనలాంటి వాళ్లు కొనుక్కోవడానికని చేసినవే. వాటిని ఎవరూ కట్టి ఆడలేదు. నిశ్చింతగా ఉంచుకోండి. అయినా పెద్దామె మనసు కుదుటపడకపోతే హాల్లోంచి తీసి మీవారి గదిలో పెట్టించండి. రోజూ చూడాల్సింది ఆమె కదా.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, మాగుంట లేఅవుట్‌లో ఇంటి నుంచే పని. రెండేళ్లుగా ఆఫ్రికా మాస్కులు సేకరిస్తున్నాను, ఇప్పటికి ఏడు ఉన్నాయి. ఇప్పుడొకాయన గాబన్ దేశపు పునూ మాస్క్ ఒకటి 85 వేలకు ఇస్తానంటున్నాడు. 'వందేళ్లది, పూజలో వాడింది' అంటాడు. ఫోటోలు పంపాడు. 10 వేలు అడ్వాన్స్ ఇచ్చేశాను. అప్పటినుంచి టెన్షన్‌గా ఉంది. అసలైనదో కాదో ఎలా తెలుస్తుంది మేడమ్?
— నెల్లూరు పాఠకుడు

జవాబు: బాబూ, ఫోటోలన్నీ ముందువైపువే అయుంటాయి. వెనకవైపు ఫోటో అడుగు. మాస్కు చరిత్ర దాని వీపు మీద ఉంటుంది.

పునూ అనే జాతి వాళ్ల మాస్కు తెల్లగా, కళ్లు అరమోడ్చి, నుదుటి మీద చిన్న చిన్న పొలుసుల్లాంటి గుర్తులతో, ఎత్తైన కొప్పుతో చాలా అందంగా ఉంటుంది. తెలుపు చచ్చిపోయినవాళ్ల లోకపు రంగు. దాన్ని కట్టుకున్నవాడు ఎత్తైన కొయ్యకాళ్ల మీద నిలబడి ఆడతాడు. అంత అందంగా ఉంటుంది కాబట్టే దానికి నకళ్లు కూడా అన్నే వచ్చాయి. ఆ తెలుపు ఒక రకం తెల్లమట్టి. వాడిన మాస్కు మీద ఆ మట్టి ఏళ్ల తరబడి పూతమీద పూతగా పడి, గీతల్లో దిగి, ముక్కు మీదా బుగ్గల మీదా అరిగి ఉంటుంది. నకలులో గోడకు సున్నం కొట్టినట్టు ఒకే మందంలో ఉంటుంది, లేదా గరుకు కాగితంతో గీకి 'అరిగించి' ఉంటారు.

వెనక చూడాల్సింది ఇదీ. చెమట తగిలేది నుదురు, ముక్కు దూలం, గడ్డం దగ్గర. అక్కడే కొయ్య నల్లబడి నునుపెక్కాలి. లోపలంతా సమానంగా నల్లగా ఉంటే అది రంగు. అంచు చుట్టూ కన్నాలుంటాయి, బట్టో నారో కట్టడానికి. తాడు లాగిన వైపుకే కన్నం అరుగుతుంది, గుండ్రంగా చుట్టూ అరగదు. నీ మొహానికి దగ్గరగా పట్టుకుంటే కళ్ల కన్నాల్లోంచి ఏమైనా కనబడాలి. కనబడకపోతే దాన్ని కట్టుకుని మనిషి నడవలేడు, ఆడటం తర్వాత సంగతి. వాసన చూడు. బూట్‌పాలిష్ వాసన, పర్మాంగనేట్ వేసిన ఊదా నలుపు, చెదలపుట్టలో పాతిపెట్టి తినిపించిన గుంటలు, ఇవన్నీ కొత్తదాన్ని పాత చేసే పనులు.

కానీ నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది కాదు నాయనా. 'పాతది, వాడింది' అనే రెండు మాటల కోసం నువ్వు 85 వేలు ఇవ్వబోతున్నావు. నేనూ ఒకప్పుడు ఆ రెండు మాటలకే డబ్బిచ్చాను.

మేమున్న జాంబెజీ ప్రాంతం లువాలే వాళ్లది. అక్కడ ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మగపిల్లల్ని వానలు లేని కాలంలో ఊరి బయట ఒక దొడ్డిలో నెల నుంచి మూడు నెలల దాకా ఉంచి పెద్దవాళ్లను చేస్తారు. దాన్ని ముకాందా అంటారు. పిల్లవాడు ఆ దొడ్డిలోకి వెళ్లేటప్పుడు చిన్నతనం చచ్చిపోయినట్టే లెక్క. ఆ రోజుల్లో వాళ్లను కాయడానికి చనిపోయిన పెద్దలు మాస్కుల రూపంలో తిరిగొస్తారు. వాటిని మకీషి అంటారు. ఒక్కొక్కరికీ ఒక్కో పేరు. ముపాలా దొడ్డికి యజమాని. ప్వేవో ఆడది, పాటా ఆటా ఆమెవే, కానీ లోపల ఉండేది మగవాడే. నారతో అల్లిన బిగుతు బట్ట ఒళ్లంతా కప్పుతుంది, వేళ్లు కూడా కనబడవు. లోపల ఎవరున్నారో ఆడవాళ్లకు తెలియకూడదు. ఆ దొడ్డి వైపు ఆడవాళ్లు తొంగిచూడకూడదు. నేను తొమ్మిదేళ్లున్నాను, ఒక్కసారీ దాని గడప దగ్గరికి పోలేదు. 2005లో యునెస్కో ఈ మకీషి ఆటను మానవాళి వారసత్వంగా ప్రకటించిందని పేపర్లో చదివిన రోజు మా పిల్లలకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

1983లో ఒక సాయంత్రం చీకటి పడ్డాక ఒక వ్యాపారి మా క్వార్టర్స్‌కు వచ్చాడు. గోనెసంచిలోంచి ప్వేవో కొయ్యమొహం తీశాడు. నారతో అల్లిన జడలు, నుదుటిమీద అడ్డంగా గీసిన గుర్తు. ముసలాయన పోయాడు, ఇక ఎవరికీ అక్కర్లేదు అన్నాడు. వెంటనే డబ్బిచ్చేశాను. చీకట్లో ఎందుకొచ్చావని అడగలేదు. ఆ మొహాన్ని హాల్లో, మా వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ పక్కన తగిలించాను.

మూడో రోజు మా క్లాసు పిల్లవాడు నోట్‌బుక్కులు ఇవ్వడానికి వచ్చాడు. గడప దాకా వచ్చి, గోడ చూసి, ఆగిపోయాడు. తల వంచుకున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు. పుస్తకాలు వరండా మెట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. పొద్దున్నే మా స్కూలు వాచ్‌మన్, పెద్దాయన, వచ్చి నెమ్మదిగా చెప్పాడు: 'అమ్మా, ఆ పిల్లవాడు పోయిన ఏడు ముకాందా నుంచి బయటికొచ్చాడు. ఆమె వాడిని కాచింది. ఒళ్లు లేకుండా, తల ఒక్కటీ నీ గోడకు వేలాడుతుంటే వాడెలా లోపలికి వస్తాడు?'

ఆ సాయంత్రం మొహాన్ని నా కొత్త వెంకటగిరి చీరలో చుట్టి ఆయన చేతికిచ్చాను. ఎటు తీసుకుపోతున్నాడో నేను చూడకూడదన్నాడు, ఇంట్లోకెళ్లి తలుపేసుకున్నాను. ముకాందా అయ్యాక చాలా మాస్కులను కాల్చేస్తారు, పాతిపెట్టేస్తారు. ఉంచుకునేవి కొన్నే, వాటిని ఉంచే చోటు వేరే ఉంటుంది. చీర తిరిగిరాలేదు, నేను అడగలేదు. రెండు వారాల తర్వాత ఆ పిల్లవాడు హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చుని లెక్క చెప్పించుకున్నాడు.

మన వెంకటగిరి పోలేరమ్మ జాతర తలుచుకో. కుమ్మరింట మట్టితో అమ్మవారిని చేస్తారు, కళ్లు దిద్దుతారు, ఊరంతా ఊరేగిస్తారు, చివరికి విరూపం చేసేస్తారు. ఆ మట్టి మొహాన్ని ఎవరో అర్ధరాత్రి ఎత్తుకెళ్లి 'పూజలో వాడింది' అని చీటీ కట్టి పారిస్‌లో అమ్మితే, కొన్నవాడు దాని పాతదనం చూసి మురిసిపోతుంటే, మనకెలా ఉంటుంది?

కాబట్టి ఆ పెద్దమనిషిని మూడు అడుగు. ఎవరి దగ్గర, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం కొన్నాడు? రసీదు గానీ పాత ఫోటో గానీ ఉందా? ఆ దేశం నుంచి బయటికి తెచ్చేటప్పుడు అనుమతి కాగితం తీసుకున్నారా? నైజీరియా, ఘనా లాంటి దేశాల్లో కొత్త కొయ్యబొమ్మకు కూడా మ్యూజియం శాఖ కాగితం కావాలి. జవాబులు తిన్నగా రాకపోతే ఆ 10 వేలు పోయాయనుకుని వదిలెయ్. మిగతా 75 వేలు ఇవ్వొద్దు. అది నకలైతే నువ్వు మోసపోయినట్టు, అసలైతే ఆ ఊరు మోసపోయినట్టు.

నీ దగ్గర ఏడు ఉన్నాయన్నావు. ఒక్కోదాని వెనక చిన్న కాగితం పెట్టు: ఎప్పుడు, ఎక్కడ, ఎవరి దగ్గర, ఎంతకు. తెలియనిది ఖాళీగా వదిలెయ్, కథలు కల్పించి రాయకు.

ప్రశ్న: మా మాస్కు కింద రోజూ సన్నటి పిండిలా పొడి రాలుతోంది. మాది మైపాడు, సముద్రం దగ్గర. కిరోసిన్ పూయమంటున్నారు.
— మైపాడు పాఠకురాలు

జవాబు: కిరోసిన్ వద్దు, వేపనూనె వద్దు, ఎండలో పెట్టడం అసలొద్దు. నూనె కొయ్యలోకి ఇంకిపోయి రంగు చెడుతుంది, ఎండకు పగులుతుంది. అది పుచ్చు పురుగు. ముందు మాస్కును మిగతా కొయ్య సామాను నుంచి వేరు చేయండి. నల్ల కాగితం మీద వారం పెట్టి చూడండి. కొత్త పొడి పడితే పురుగు బతికే ఉంది, పడకపోతే పాత పొడే.

బతికి ఉంటే, రంగులూ లక్కా లేని ఉత్త కొయ్య అయితే, చలి మంచి మందు. మందపాటి పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి తీసేసి, టేపుతో గట్టిగా మూయండి. మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. ఇంట్లో ఫ్రిజ్ పైగది అంత చల్లబడదు. మీ వైపు రొయ్యల కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయిగా, తెలిసినవాళ్లుంటే ఒక మూల ఇమ్మనండి. తీశాక కవరు వెంటనే విప్పొద్దు. ఒక రోజంతా అలాగే ఉంచి, మామూలు వేడికి వచ్చాక విప్పండి, లేకపోతే చెమ్మ కొయ్య మీదే దిగుతుంది. చెట్టు బెరడు, నార, మైనం అతికించినవాటికి ఈ పని చేయకండి, పెళుసై రాలిపోతాయి.

వానకు తడిసే గోడకు తగిలించొద్దు. గోడకూ మాస్కుకూ మధ్య వేలెడు సందు ఉండేలా చిన్న కార్కు ముక్కలు పెట్టండి. ఇంకొకటి, పిల్లలు సరదాకి మొహానికి పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వొద్దు. పాతవాటికి ఒకప్పుడు ఆర్సెనిక్ లాంటి విషపు మందులు కొట్టేవాళ్లు.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. మ్యూజియాల్లో ఉన్న ఆఫ్రికా కళంతా దోచుకున్నదే కదా? అలాంటప్పుడు సేకరించడమే తప్పు కాదా?
— ఒంగోలు విద్యార్థిని

జవాబు: అంతా కాదు తల్లీ, కానీ దోచుకున్నది చాలానే. 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యం మీదికి పోయి ఓబా రాజు కోటను తగలబెట్టింది. వేల కొద్దీ ఇత్తడి పలకలు, దంతపు పనులు ఎత్తుకుపోయారు. రాజమాత ఇదియా దంతపు మొహం వాటిలోదే. జానెడు కన్నా కాస్త పెద్దది, రాజు ఒంటిమీద ధరించేది. 1977లో లాగోస్‌లో ఆఫ్రికా కళల పండుగ జరిగినప్పుడు దాన్నే చిహ్నంగా పెట్టుకున్నారు. ఆ దంతం మాత్రం ఇప్పటికీ లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది. కొంత మారింది. 2021 నవంబరులో ఫ్రాన్స్, తాను అబోమే కోట నుంచి తెచ్చుకున్న 26 వస్తువులను బెనిన్ దేశానికి ఇచ్చింది (ఈ బెనిన్ దేశం వేరు, పైన చెప్పిన బెనిన్ రాజ్యం వేరు). 2022 డిసెంబరులో జర్మనీ 20 ఇత్తడి బొమ్మలు నైజీరియాకు అప్పగించింది.

ఫ్రాన్స్‌లో ఇంకో సంగతి జరిగింది. ఒక వృద్ధ దంపతులు ఇల్లు సర్దుకుంటూ తాతల నాటి మాస్కును పాతసామాన్ల వ్యాపారికి 150 యూరోలకు అమ్మారు. ఆ తాత గాబన్ వైపు వలస పాలనలో అధికారి. అది ఫాంగ్ జాతి వాళ్ల ఎన్‌గిల్ మాస్కు. 2022 మార్చిలో మోంపెలియేలో వేలం వేస్తే 42 లక్షల యూరోలు పలికింది. దంపతులు కోర్టుకెళ్లారు, 2023 డిసెంబరులో ఓడిపోయారు. పేపర్లన్నీ ముసలివాళ్లు మోసపోయారా లేదా అని రాశాయి. వేలం జరిగే హాల్లో మాత్రం గాబన్ వాళ్లు లేచి, 'అది మాది' అన్నారు. నాకు ఆ గొంతే ముఖ్యం. 150 కూడా, 42 లక్షలు కూడా, చెక్కినవాళ్ల ఊరికి చేరలేదు.

ఇది ఎక్కడో దూరపు బాధ కాదు. మన గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం దగ్గర ఉన్న చిన్న మ్యూజియం నుంచి 2001లో సున్నపురాతి శిల్పం దొంగిలించారు. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల శిల్పం. అది న్యూయార్క్ మీదుగా పోయి 2005లో సుమారు 6 లక్షల డాలర్లకు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరింది. కొన్నవాళ్లకు కాగితాలు చూపించారు, ఆ కాగితాలు అబద్ధం. 2016లో ఆ శిల్పాన్ని మన దేశానికి తిరిగి ఇచ్చారు. మనది మనకు కావాలని అడిగిన నోటితోనే ఫాంగ్ వాళ్లది ఫాంగ్ వాళ్లకని కూడా అనాలి కదా.

సేకరించడం తప్పు కాదు. అమ్మడానికని చెక్కి, ధర చెప్పి, చేతికిచ్చిన మాస్కు కొంటే ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. దంతం, చిరుతపులి తోలు అతికించినవి మాత్రం ముట్టుకోకు, చట్టం ఒప్పుకోదు. నువ్వు చదువుకుంటున్నావు కనుక ఒక పని చేయి. సెలవుల్లో చందవరం వెళ్లి రా.

ప్రశ్న: అమ్మా, మాది ఉదయగిరి. తాతల నాటి నుంచి కొయ్య గరిటెలు, స్పూన్లు చేస్తాం. నర్ది, బిక్కి, కల్ది కర్ర వాడతాం. ఒక షాపాయన ఫోన్లో ఆఫ్రికా మాస్కుల బొమ్మలు చూపించి యాభై చెక్కిమ్మన్నాడు. వాళ్లు ఏ కర్ర వాడతారు, ఏ పనిముట్లు? మేం చెయ్యొచ్చా?
— ఉదయగిరి చేతిపనివాడు

జవాబు: అన్నా, మీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. వాళ్ల ముఖ్యమైన పనిముట్టు మీ ఇంట్లోనే ఉంది: బాడిస. పచ్చి కర్ర దుంగను నిలబెట్టి, ఒక్క ముక్కలోనే మొహం మొత్తం బాడిసతో తీస్తారు. లోపలివైపు తొలచడానికి వంపు తిరిగిన చిన్న బాడిస, గీతలకు కత్తి. పచ్చిది మెత్తగా తెగుతుంది కాబట్టి ముందు చెక్కి, తర్వాత నీడలో మెల్లగా ఆరనిస్తారు. కట్టి ఆడే మాస్కుకు తేలిక కర్ర కావాలి, మెడ మోయాలి కదా. అమ్మకానికి చేసే బొమ్మలకు జాంబియాలో ముక్వా ఎక్కువ వాడేవాళ్లు. అది మన వేగిసకూ ఎర్రచందనానికీ దాయాది చెట్టు. గొడ్డలి పడితే రక్తంలాగే ఎర్రటి రసం కారుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు మన రాపూరు అడవులు గుర్తొచ్చాయి.

చెయ్యొచ్చా అంటే, చెక్కండి. కానీ వెనక 'ఉదయగిరిలో చేసింది' అని చెక్కండి, మీ పేరు కూడా. షాపాయన అది వద్దంటే, ఆఫ్రికా అని చెప్పి అమ్మాలనుకుంటే, ఆ యాభై ఒప్పుకోవద్దు. ఇంకా బాగుండేది మీకు తెలిసిన మొహాలు చెక్కడం. పోలేరమ్మను చెక్కండి. మీ నాయన మొహం చెక్కండి. మొదటిది నేనే కొంటాను, ధర మీరే చెప్పండి.

ఎడిటరుగారి దగ్గర మా ఇంటి అడ్రసు ఉంది. నా దగ్గర ఇప్పుడున్నది ఒక్కటే మాస్కు. 1987లో లివింగ్‌స్టన్ పట్నంలో, ముకుని పార్కు అనే చేతిపనుల బజారులో చెక్కినాయన చేతి నుంచే కొన్నాను. నేను చూస్తుండగానే వెనక తన పేరు గీకాడు. అమ్మడానికే చేసింది, అంతకంటే ఏమీ కాదని చెప్పి మరీ ఇచ్చాడు. దాని వెనకవైపు నునుపు చేయకుండా వదిలేశాడు, బాడిస దెబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. నెల్లూరు వచ్చినప్పుడు మీ బాడిస కూడా తెచ్చుకోండి. ఆయన దెబ్బ పక్కన మీ దెబ్బ పెట్టి చూద్దాం.